పుట్టుమచ్చల పద్దు



పోయిన కార్తికమాసమున నొకనాటి సాయంకాలము మా వారు బడినుండి వచ్చుచు నొక కాగితముల కట్టను వెంట దెచ్చిరి. అవి పదవతరగతి పరీక్షకు పోవు పిల్లల వివరములు నింపెడి పత్రములు. పేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టినతేది, వీని తరువాత రెండు పుట్టుమచ్చల గుఱుతులు వ్రాయవలసిన గడులు గలవు. తెలుగునాట బడికి పోయినవారి కీ గడులు క్రొత్తవి కావు. "కుడిచెంపమీద నొక మచ్చ, ఎడమ మోచేతిపై నొక మచ్చ" యని యుపాధ్యాయుడు పిల్లవానిని దగ్గఱకు బిలిచి, చూచి, వ్రాసికొనును. ఆ రెండు ముక్కలును పరీక్షపత్రముమీది కెక్కి యా పిల్లవాని జీవితాంతము వెంటవచ్చును.

నేను బడికి పోయినదానను గాను. తాతగారి యొద్ద నింటనే చదువుకొంటిని. కావున నా మచ్చలు ఏ కాగితముమీదను లేవు. మా వారివి కలవు. నేను కాగితములు పేర్చి యిచ్చుచుండగా వారు తమ పాతపత్రమును దీసి, "నా యెడమభుజముమీద మచ్చ యున్నదని వ్రాసి యిరువదియేండ్లు దాటినది. అది యిప్పు డెట్లున్నదో చూడుము" అనిరి. చూచితిని. మచ్చ యున్నది. కాని యది నాడెట్లుండెనో నేనెఱుగను, వారును ఎఱుగరు. కాగితమున "మచ్చ గలదు" అని మాత్రమే యున్నది. ఎంతపాటిదో, ఏ రంగుదో, చర్మముతో సమముగా నుండెనో లేచియుండెనో దానివలన తెలియరాదు.

ఆ వారముననే సత్తుపల్లి ప్రాంతమునుండి యొక సోదరి యీ శీర్షికకు వ్రాసిన యుత్తరము నా కందినది. అందలి మాటలివి: "అమ్మా! నా కుడికంటిక్రింద పుట్టుమచ్చ గలదు. అది యదృష్టచిహ్నమని చిన్ననాటినుండి వినుచున్నాను. ఈ మధ్య నది పెరిగినట్లు నాకు దోచుచున్నది. మా యత్తగారు పెరుగలేదందురు. మా యాడుబిడ్డ పెరిగినదనును. జీడి పెట్టి కాల్చివేయుదునా? అట్లే యుంచుదునా?"

ఈ సోదరి యింట మచ్చను చూచినవారు ముగ్గురున్నారు. పెరిగినదో లేదో తేల్చగల సాక్ష్యము మాత్రము లేదు. మనమందఱము నిట్లే యున్నాము. మచ్చ యెచ్చట నున్నదో గుఱుతు పెట్టుకొందుము. ఎట్లున్నదో గుఱుతు పెట్టుకొనము. పెండ్లిచూపులలో పెదవిపై మచ్చకు నొక ఫలము, అఱచేతి మచ్చకు నొక ఫలము చెప్పుకొందుము. అది స్థానమునుబట్టి చెప్పు శాస్త్రము. ప్రాణమునకు సంబంధించిన సంగతి స్థానముకంటె మార్పునం దెక్కువగా నున్నది. ఈ నెల నేను చెప్పదలచినది యిదియే.

మొదట మచ్చ యననేమో తెలిసికొందము. మన చర్మమునకు వన్నె నిచ్చునది మెలనిన్ అను రంగుపదార్థము. దానిని పుట్టించు సూక్ష్మకణములు చర్మమంతటను ఎడమెడముగా నుండును. అట్టివి కొన్ని యొకచోట గుమిగూడినచో నది పుట్టుమచ్చ యగును. పేరు పుట్టుమచ్చయే గాని పుట్టుకతో వచ్చునవి బహుకొద్ది. నూటి కించుమించుగా నొక శిశువు మాత్రమే యట్టి మచ్చతో పుట్టును. తక్కినవన్నియు బాల్యమునను యౌవనమునను ఒక్కొక్కటిగా పొడచూపి, నలువది యేండ్లు దాటిన పిమ్మట క్రొత్తవి వచ్చుట తగ్గి, వార్ధక్యమున కొన్ని వెలిసిపోవును.

మన పూర్వు లీ భేదముల నెఱుగనివారు కారు. సుశ్రుతసంహిత నిదానస్థానమున క్షుద్రరోగములను వివరించుచోట మచ్చలకు వేర్వేఱు నామములు గలవు. నువ్వుగింజంత యుండి, నల్లనై, నొప్పిలేక, చర్మముతో సమముగా నుండునది తిలకాలకము. మినుపగింజవలె పైకి లేచినది మషకము. పుట్టుకతో వచ్చినది జతుమణి. ఈ పాఠము చెప్పునపుడు మా తాతగారు వంటయింటినుండి నువ్వులను, మినుములను తెప్పించి నా యఱచేతిలో పెట్టి చూపిరి. ఆ గింజల కొలత నాకు బాగుగా నచ్చినది. అంగుళములు, మిల్లీమీటర్లు తెలియని యిల్లాలికిని నువ్వుగింజ తెలియును. ఈ కొలతను ముందు మరల చెప్పెదను.

ఇప్పుడు నా స్వవిషయ మొకటి చెప్పవలసియున్నది. చెప్పుట కష్టముగానే యున్నది. కాని చెప్పక యీ వ్యాసము వ్రాయుట న్యాయము కాదు.

నాకు కాపురము క్రొత్తలో మేము భద్రాచలమున నుంటిమి. గోదావరి యొడ్డున, అడవి యంచున నున్న యొక పల్లెలో మా మేనత్త యుండెను. మిరపచేలు గల సంసారము. పొలముపనికి కూలీలను పెట్టినను తానుగూడ చేనిలో దిగనిదే యామెకు తోచదు. కాలికి చెప్పు లెఱుగదు. ప్రతి శ్రీరామనవమికిని కల్యాణము చూచుటకు మా యింటికి వచ్చెడిది. వచ్చిన వెంటనే నేను కాళ్ళకు నీళ్ళిచ్చి, పసుపు రాసి, పారాణి పెట్టెడిదానను.

2014వ సంవత్సరమున పసుపు రాయుచుండగా నెడమ అరికాలి మడమదగ్గఱ నువ్వుగింజంత నల్లని చుక్క కనబడినది. "ఇదేమి యత్తయ్యా?" యంటిని. "ముల్లు విరిగింది బిడ్డా. అడివంచున ఉన్నోళ్ళకు ముల్లు కొత్తనా?" అని నవ్వినది. మఱుసటి యేడాది నవమికి వచ్చినపు డది మినుపగింజను మించియుండెను. ఒకవైపు గుండ్రముగా నుండి రెండవవైపు చెరువునీరు పొలములోనికి పాకినట్లు వంకరటింకరగా నుండెను. "ముల్లింకను రాలేదా?" యంటిని. "నొప్పి లేదు గద, ఉండనియ్యి" యనినది. ఆ యేడాది యెవరో ఆనెకాయ యని చెప్పగా జీడి కాల్చి చుఱక పెట్టించుకొన్నది. అది పుండై, మానినట్లై, మరల చెమర్చినది. 2016 నవమినాటి కది చింతగింజ యంతయైనది. ఒక చివర కాటుకవలె నలుపు, ఒక చివర గోధుమవన్నె, నడుమ ఎఱుపు. పసుపు రాయుచుండగా నా వ్రేళ్ళకు నెత్తురంటినది. అప్పటికే గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ కట్టియుండెను. నవమికి కొలదిరోజుల ముందే దానిని చూచుకొన్నదట. సిగ్గుపడి యెవ్వరికిని చెప్పలేదు.

పట్నమునకు తీసికొనిపోయిరి. అది మెలనోమా యని, మచ్చ రంగుకణములలో పుట్టు కేన్సరని, పాదమునుండి గజ్జకును, అచ్చటనుండి లోపలికిని వ్యాపించినదని వైద్యులు చెప్పిరి. 2017వ సంవత్సరపు నవమికి మా యింట పారాణి కలుపలేదు.

సోదరీ! ఆ పల్లెలో నామె యరికాలిని చూచిన వారెవ్వరును లేరు. ఆమెయైనను సరిగా చూచుకొనలేదు. ఏటేట నొకమారు దానిని దగ్గఱనుండి చూచినదానను నే నొక్కతెను. నువ్వుగింజను చూచినది నేనే, మినుపగింజను చూచినది నేనే, చింతగింజను చూచినది నేనే. కాని యొక యేటి చూపును మఱుసటి యేటి చూపుప్రక్కన పెట్టి పోల్చుకొనలేదు. సుశ్రుతపాఠము చదివిన కన్నులే యవి! తెలివి లేక గాదు, పద్దు లేకపోయినది. పాలవానికి పద్దు వ్రాయుదుము, చాకలికి పద్దు వ్రాయుదుము. మేని మచ్చకు వ్రాయము.

మెలనోమా మన దేశమున మిక్కిలి యరుదు. ఏడాదికి లక్షమందిలో నొక్కరికైనను రాదు. ఆస్ట్రేలియావంటి దేశములలో తెల్లని చర్మము గలవారు తీవ్రమైన యెండకు గుఱియగుటచే నది యెక్కువ. మన చామనచాయ యెండనుండి మనలను చాలవఱకు కాపాడుచున్నది. కాని మనవారికి వచ్చునపుడు ఎండ సోకని తావులందు, అనగా అరికాళ్ళయందును, అఱచేతులయందును, గోళ్ళక్రిందను తఱుచుగా వచ్చును. ఈ రకమును వేఱుగా గుర్తించి 1976లో రీడ్ అను అమెరికా వైద్యుడు వివరించెను. ఇది యెండవలన వచ్చునది కాదు. కావున గొడుగు పట్టినంతమాత్రమున తప్పదు. చూచుటయొక్కటే దీనికి కాపుదల.

ఇచ్చటనే మనకు చిక్కు. మిరపకోతకు పోవువారికిని, వేసవిలో తునికాకునకు అడవికి పోవు కోయ స్త్రీలకును కాలిలో ముల్లు నిత్యము. కావున అరికాలిలో నల్లచుక్క యనిన వెంటనే "ముల్లు" అందురు, "ఆనె" యందురు, "నెత్తురు గడ్డకట్టిన" దందురు. ముల్లైనచో నొత్తినపుడు నొప్పి యుండును. కొన్నివారములలో చీముపట్టి వెడలుటయో మానుటయో జరుగును. నొప్పిలేక నెలలతరబడి నిలిచి మెల్లగా పెరుగునది ముల్లు కాదు. నొప్పిలేనిది రోగమే కాదని మన స్త్రీలలో నొక నమ్మకము గలదు. మా మేనత్త ప్రాణమును తీసినది యా నమ్మకమే.

చదువు, ధనము, కీర్తి గలవారును ఈ పొరపాటునుండి తప్పించుకొనలేదు. జమైకా ద్వీపమున పుట్టి ప్రపంచమంతట పేరుగన్న గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవ్రేలి గోటిక్రింద పుండు పడగా తొలుత బంతియాటలో తగిలిన దెబ్బయని తలంచిరి. 1977లో నది మెలనోమా యని తేలినది. 1981 మే నెలలో ముప్పదియాఱేండ్ల వయసున నతడు మృతినొందెను.

ఇక నే మార్పులను చూడవలయునో చెప్పెదను. న్యూయార్కు నగరమున కొందఱు వైద్యులు 1985లో నాలుగు గుఱుతులను క్రోడీకరించిరి. 2004లో నైదవది చేరినది. వానిని మనయింటి మాటలలో చెప్పుకొందము.

మొదటిది తూకము. మచ్చ నడుమ నొక గీత గీచినట్లు భావించుడు. రెండుసగములును సరిగా నుండినచో మంచిది; ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, లేక రూపము వేఱైనచో అనుమానింపుడు. రెండవది అంచు. మంచి మచ్చ యంచు నుదుటి బొట్టువలె తేటగా నుండును. చెమటకు చెదరిన బొట్టువలె నున్నచో మంచిది కాదు. మూడవది రంగు. ఒక మచ్చ యంతయు నొకే రంగుగా నుండవలెను. ఒకదానియందే నలుపు, గోధుమ, ఎఱుపు, నీలి, తెలుపు వన్నెలు కలిసిన యెడల దానిని ఉపేక్షింపరాదు. నాలుగవది పరిమాణము. 6 మిల్లీమీటర్లు, అనగా పెన్సిలు వెనుక రబ్బరంత, మన గింజలలో లావుపాటి కందిగింజ యంత. ఆవగింజ, నువ్వుగింజ, మినుపగింజ, కందిగింజ అని వరుసగా గుర్తుంచుకొనుడు. కందిగింజను దాటినదానిపై కన్నుంచుడు.

ఐదవది మార్పు. తక్కిన నాలుగింటికంటెను ఇదియే ముఖ్యము. మచ్చ చిన్నదైనను, గుండ్రముగా నున్నను, నెలలలో పెరిగినచో, రంగు మాఱినచో, లేచినచో, దురదపెట్టినచో, పొక్కుగట్టినచో, కారణములేక నెత్తురు వచ్చినచో వెంటనే వైద్యునికి చూపవలయును. మఱియొక యుపాయముగూడ గలదు. ఒకరి మేని మచ్చలన్నియు నించుమించుగా నొకే కుదురున నుండును. గొఱ్ఱెలమందలో మేకవలె వానిలో నొకటి వేఱుగా కనబడినచో దానిని ముందుగా చూపుడు.

గోళ్ళమాట వేఱుగా చెప్పవలయును. గోటిలో నిలువుగా నల్లని చార కనబడుట మనవంటి చాయగలవారిలో సామాన్యమే. పెక్కు గోళ్ళలో సన్నగా, ఏండ్లుగా మాఱక యున్నచో భయము లేదు. ఒకే గోటిలో, ముఖ్యముగా బొటనవ్రేలిలో, క్రొత్తగా వచ్చి వెడల్పగుచున్న చారను మాత్రము చూపవలెను. ఆ నలుపు గోటిని దాటి మొదటనున్న చర్మముమీదికి పాకినచో అసలే యాలస్యము చేయరాదు. ఈ గుఱుతును 1886లో హచిన్సన్ అను ఆంగ్లవైద్యుడు తెలిపెను. దెబ్బతగిలి గోటిక్రింద గడ్డకట్టిన నెత్తురైనచో గోటితోపాటు ముందుకు జరుగుచు, వెనుకనుండి తెల్లని గోరు వచ్చును. చేతిగోరు పూర్తిగా మాఱుట కించుమించు ఆఱునెలలును, కాలిబొటనవ్రేలిగోరు మాఱుటకు సంవత్సరమో, అంతకుమించియో పట్టును. నలుపు ముందుకు జరుగకున్నచో నది దెబ్బ కాదు.

ఇందు మన యాచార మొకటి యడ్డువచ్చుచున్నది, మఱియొకటి సాయపడుచున్నది. ఆషాఢమాసమున గోరింటాకు పెట్టుకొనిన పిదప గోళ్ళు నెలలకొలదియు, అఱచేతులును పాదములును కొన్నివారములును ఎఱ్ఱగా నుండును; ఆ యెఱుపుక్రింద నేమున్నదో కానరాదు. గోళ్ళరంగు పూసికొను నేటి పిల్లలకు సంవత్సరము పొడుగునను ఇదియే యడ్డంకి. కావున గోరింటాకు రుబ్బిననాడు, పెట్టుకొనుటకు ముందు, ఇంటనున్న ఆడువారందఱు నొకరి చేతులు కాళ్ళు నొకరు చూచుకొనుడు. గోళ్ళరంగు తుడిచిన పూటగూడ ఒక్కమారు చూచుకొని మరల వేసికొనుడు.

సాయపడు నాచారము తలంటు. తలకు నూనెయంటి, ఒడలు రుద్ది, సున్నిపిండితో నలుగుపెట్టునపుడు తల్లిచేయి బిడ్డ మేనంతయు తడవును. మనకు కనబడని వీపును, చెవుల వెనుకను, తలలోని పాపిటలను, తొడల వెనుకను చూడగలిగిన వేళ యదియే. అద్దములు రెండు పెట్టుకొని తిప్పలుపడ నక్కఱలేదు. నెలకొక తలంటినాడు చూచుట యనునది నియమముగా పెట్టుకొన్నచో చాలును. వరుస తప్పకుండ నడినెత్తినుండి మొదలిడి పాదములతో ముగింపుడు. కాలివ్రేళ్ళ సందులను, అరికాళ్ళను విడువకుడు. అచ్చటనే పని యున్నది.

చూచినదానిని వ్రాయుడు. ఒక చిన్నపుస్తకమున ఇంటిలోని యొక్కొక్కరికి రెండు పుటలు చాలును. మనిషి బొమ్మ ముందొకటి, వెనుకొకటి పిల్లలచేత గీయించి, ముఖ్యమైన మచ్చ యున్నచోట చుక్కపెట్టి, ప్రక్కన తేది, కొలత, రంగు, ఎత్తు వ్రాయుడు. "ఎడమ వీపు, మినుపగింజ, గోధుమవన్నె, సమము" అని నాలుగుమాటలు చాలును. అన్ని మచ్చలను లెక్కింప నవసరము లేదు. పెద్దవి, అరికాళ్ళలోనివి, అఱచేతులలోనివి, గోటిచారలు, మీకు కొంచెమైనను అనుమానము గలవి వ్రాసిన చాలును. సెల్‌ఫోను గలవారు మచ్చప్రక్కన బడిపిల్లల స్కేలు నుంచి, పగటివెలుతురున, అంతే దూరమునుండి చిత్రము తీసికొనవచ్చును. ఒకనాడు దీపముక్రిందను, ఒకనాడు ఎండలోను తీసినచో రంగు మాఱినట్లు భ్రమ కలుగును. ఫోను పదిమంది చేతులలో తిరుగు నిండ్లలో పుస్తకమే మేలు.

ఏది భయపడవలసినది కాదో యెఱుంగుటయు నవసరమే. లేనిచో పద్దు వ్రాయు నిల్లాలికి నిద్రపట్టదు. పిల్లలు పెరుగుచుండగా మచ్చలు వారితోపాటు కొంచెము పెరుగును, క్రొత్తవియు వచ్చును. గర్భిణులకు ముఖమున మంగు పట్టుట, మచ్చలు కొంచెము ముదురువన్నెకు వచ్చుట కలదు. అయినను ఒక మచ్చ మాత్రము వేఱుగా మాఱినచో "కడుపుతో నున్నది గదా" యని ఊరకుండరాదు. నడివయసున మెడమీద వ్రేలాడు మెత్తని పులిపిరులును, చెంపలమీద వచ్చు నావగింజలవంటి నల్లని పొక్కులును, ముసలితనమున మైనము అంటించినట్లు గరుకుగా నుండు మచ్చలును మిక్కిలి సామాన్యములు, హాని లేనివి. మా వారి భుజముమీది మచ్చ యిప్పుడు మెత్తగా లేచి, రంగు వెలిసియున్నది. ఇరువదియేండ్లలో మెల్లగా లేచి వెలియుట మంచిమచ్చల స్వభావమే. ఏండ్లమీద జరుగు మార్పు వేఱు, నెలలమీద జరుగు మార్పు వేఱు.

ఇక చేయరాని పనులు. నల్లజీడి చాకలివారు బట్టలకు గుఱుతు పెట్టునది. దాని రసము చర్మమును కాల్చి పుండు చేయును. సున్నమును చాకలిసోడాను కలిపి పెట్టుటయు, గుఱ్ఱపువెండ్రుకతో బిగించి కట్టుటయు, క్షురకుని కత్తితో కోయించుటయు నిట్టివే. వీనివలన మంచిమచ్చయైనచో పుండును కురూపమును మిగులును. చెడ్డమచ్చయైనచో పైభాగము పోయి లోపలిది మిగులును. వైద్యుడు చూచి గుర్తించుటకు ఆధారమును పోవును. మా మేనత్త విషయమున జీడివలన నొక యేడాది యిట్లే పోయినది. మచ్చమీద పచ్చబొట్టు పొడిపించుటయు మానుడు. పొడిచిన రంగుక్రింద మార్పు కనబడదు.

వైద్యుడేమి చేయునో తెలిసినచో సగము వెఱపు తీరును. చర్మవైద్యులయొద్ద డెర్మోస్కోపను చిన్న యద్దము గలదు. దానితో మచ్చను పెద్దదిగా చేసి చూతురు. అరికాలి చర్మము దున్నిన చేనువలె గట్లును చాళ్ళును గలది. రంగు చాళ్ళవెంట నున్నచో సాధారణముగా మంచిమచ్చ యనియు, గట్లవెంట నున్నచో అనుమానింపవలసినదనియు జపాను వైద్యులు కనుగొనిరి. అనుమానము కలిగినచో మచ్చను తీసి పరీక్షకు పంపుదురు. "కత్తి తగిలిన కేన్సరు పాకును" అని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. ఇది నిజము కాదు. వైద్యుడు తగినరీతిని తీసినందువలన నది పాకదు. తీయక యుంచుటవలననే లోతునకు దిగి పాకును. ఆ లోతుననే ప్రాణమున్నదని 1970లో బ్రెస్లో అను వైద్యుడు చూపెను. మందము 1 మిల్లీమీటరు లోపల నుండగా తీసివేసిన వారిలో నూటికి తొంబదిమందికిపైగా అయిదేండ్లు దాటి జీవించుచున్నారు. లోతు పెరిగిన కొలది యా సంఖ్య తగ్గును. నువ్వుగింజ చింతగింజయగు కాలమే యిచ్చట జీవన్మరణముల నడుమ నున్న దూరము.

చూపించుటకు మొదట దగ్గఱనున్న ప్రభుత్వవైద్యశాలకు పోయి చర్మవైద్యుని యడుగుడు. కేన్సరు చికిత్స కవసరమైనచో హైదరాబాదున 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్‌జంగు పేరిటి ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి గలదు. 2007 నుండి యున్న ఆరోగ్యశ్రీ పథకము పేదకుటుంబముల చికిత్సాభారమును మోయుచున్నది. గజ్జలలోనో చంకలలోనో బిళ్ళ కట్టినచో సిగ్గుచే దాచకుడు. పురుషవైద్యునికి చూపుటకు సంకోచమైనచో ఆడువైద్యురాలిని కోరుడు. అత్తగారినో అక్కగారినో వెంటబెట్టుకొని పోవుడు. సిగ్గుకు మందు గలదు గాని గడచిన కాలమునకు లేదు.

సత్తుపల్లి సోదరికి నా సమాధానమిది: అమ్మా! కంటిక్రింది మచ్చ యదృష్టమైనను కాకున్నను మీకు జీడి వలదు. కంటికంత చేరువను జీడిరసము పెట్టుట చూపునకే ముప్పు. పెరిగినదా లేదా యని యింటిలో వాదింపక ఈ వారమే చర్మవైద్యునికి చూపుడు. ముఖముమీది మచ్చలు పెక్కు నిరపాయములే. మంచిదని తేలినచో ఆనాటి కొలతనే మీ పద్దులో మొదటి పంక్తిగా వ్రాసికొనుడు. మీ యత్తగారి మచ్చను, మీ యాడుబిడ్డ మచ్చనుగూడ వ్రాయుడు. ఇకమీద ముగ్గురికిని వాదులాట యుండదు.

మా యింట పద్దు నేను మొదలిడి యేడేండ్లు దాటినది. మా వారు నన్ను చూచి, "మీ యింటి శాస్త్రము సాముద్రికమును మించినదే" యని పరిహసింతురు. పరిహసించినను, తలంటినాడు భుజము చూపుట మఱువరు. మొన్న మా యింట గిన్నెలు తోము ముసలామె గడపలో కూర్చుండి కాలు చాపగా, నే నడిగి యామె యరికాళ్ళు రెండును చూచితిని. పగుళ్ళు తప్ప మఱేమియు లేవు. "నా కాళ్ళు నువ్వు చూసుడేందమ్మా" యని యామె కాళ్ళు వెనుకకు తీసికొనబోయినది. నేను వదలలేదు. మీరును మీ యింటి పెద్దల కాళ్ళకు నీళ్ళిచ్చునపుడు, పారాణి పెట్టునపుడు, ఒక్కనిమిషము అరికాలిని వెలుతురువైపు త్రిప్పి చూడుడు. చూచినది వ్రాసియుంచుడు.

వచ్చే నెలలో చలికాలపు మడమపగుళ్ళకు ఇంటిలో చేయదగిన యుపచారములను గుఱించి వ్రాసెదను.

ఇట్లు,
మీ సోదరి.